ఆర్ఎక్స్ 100: పోర్టింగ్ కన్నా ముందు ఆయిల్ సీళ్లు మార్పించండి

పన్నెండేళ్లు కదలకుండా ఉన్న నాన్నగారి యమహా ఆర్ఎక్స్ 100 బైక్ ఇంజిన్ విప్పిస్తున్నాను, పనిలో పనిగా పోర్టింగ్ (సిలిండర్‌లో గాలి, పొగ వెళ్లే రంధ్రాలను, అంటే పోర్టులను, అరగదీసి పెద్దవి చేయడం) కూడా చేయించనా అని మీరు అడిగారు. నేను విజయవాడలో 1991 మోడల్ ఇంజిన్ రెండుసార్లు విప్పించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడే పోర్టుల జోలికి వెళ్లకండి.

మొదటిసారి ఆటోనగర్‌లో బోరు చేయించి (అరిగిన సిలిండర్ లోపలి గోడను కాస్త పెద్దది చేయించి) 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాను. రెండు నెలలకే, మే నెల ఎండలో గుంటూరు వెళ్తుంటే మంగళగిరి దాటాక పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కబట్టి పడకుండా బయటపడ్డాను. కార్బురేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం) చిన్నదైందని మెకానిక్ అన్నాడు. జెట్ మార్చినా యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ వెంటనే నెమ్మదించేది కాదు, అరుస్తూనే ఉండేది. అసలు తప్పు మాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) వైపు క్రాంక్ ఆయిల్ సీల్‌ది, అంటే క్రాంక్ చుట్టూ సందు మూసే రబ్బరు రింగుది. ఏళ్ల తరబడి నిలబడిన బండిలో ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోల్, గాలి క్రాంక్‌కేస్ గుండానే పైకి వెళ్తాయి కదా, సీల్ సందులోంచి ఉత్త గాలి కూడా దూరి మిశ్రమం పలచబడుతుంది. పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగేసుకుని తెల్లటి పొగ కక్కుతుంది.

అందుకే క్రాంక్‌కేస్ విడదీసినప్పుడే రెండు సీళ్లూ, క్రాంక్ బేరింగులూ మార్పించండి. బిగించాక ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రబ్బరుతో మూసి, ప్లగ్ బిగించి, చేతి పంపుతో 5-6 పీఎస్ఐ గాలి పెట్టి, సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. చాలామంది మెకానిక్‌లు "ఎందుకండీ ఇదంతా" అంటారు. మీరు పక్కనే నిలబడి చేయించండి.

పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచాకే లేత్ షాపులో బోరు తీయించాలి. తీశాక పోర్టుల అంచులు కాస్త నునుపు చేయాలి, లేకపోతే రింగులు తట్టుకుంటాయి.

ఇక పోర్టింగ్. రెండోసారి 0.50 వేయించినప్పుడు ఆశపడి ఎగ్జాస్ట్ పోర్టు పైకి తీయించాను. పై ఆర్‌పీఎంలో బండి ఎగిరిపోయేది, నిజమే. కానీ అమ్మను ఎక్కించుకుని దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరులోనే ఉండాల్సి వచ్చేది. అరగదీసిన ఇనుము మళ్లీ రాదు. చివరికి వేరే సిలిండర్ బ్లాకు వెతుక్కున్నాను. 98 సీసీకి కంపెనీ ఇచ్చిన 11 హార్స్‌పవర్ ఊళ్లో చాలు. పైగా అది నాన్నగారి బండి, ఆ శబ్దం ఆయనకు తెలిసినట్టే ఉండనివ్వండి.

ఇంజిన్ బిగించాక ఆయిల్ పంపు గొట్టంలోని గాలి తీయించడం మరవద్దు. మొదటి ట్యాంకుకు మాత్రం లీటరుకు 20 మిల్లీలీటర్ల 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ పెట్రోల్‌లోనూ కలపండి. మొదటి 500 కిలోమీటర్లు మధ్యమధ్యలో యాక్సిలరేటర్ వదులుతూ, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నడపండి.