తప్పు లేకపోయినా సారీ ఎందుకు చెబుతున్నారు?

ప్రశ్న: పెళ్లయి నాలుగేళ్లు. చిన్న గొడవ జరిగినా ఆయన రెండు మూడు రోజులు మాట్లాడరు. నేను ఉండబట్టలేక మెసేజ్ మీద మెసేజ్ పెడతాను. చివరికి తప్పు నాది కాకపోయినా సారీ చెబుతాను. మా నాన్న కూడా ఇంతే, కోపమొస్తే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మారాల్సింది నేనా, ఆయనా?

జవాబు: మీ నాన్నగారి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలుపెడతాను. పెద్దవాళ్ల ముఖం చూసి ఇంట్లో పరిస్థితి పసిగట్టడం అలవాటైన పిల్లలు, పెద్దయ్యాక కూడా ఎదుటి మనిషి మౌనంగా ఉంటే ‘నావల్లే’ అనుకుంటూ ఉంటారు. మీరు సారీ చెబుతున్నది ఆ టెన్షన్ దించుకోవడానికే. అది వినగానే ఆయన మామూలైపోతారు. గొడవకు కారణమైన విషయం మాత్రం కదలదు, వచ్చే నెల మళ్లీ లేస్తుంది.

మీరు వెంటపడేకొద్దీ ఆయన ఇంకా ముడుచుకుపోతారు. దంపతుల గొడవలను ఏళ్ల తరబడి గమనించిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, వాదనలో గుండె వేగం నిమిషానికి 100 దాటితే ఎదుటివాళ్ల మాట సరిగా బుర్రకెక్కదని, కుదుటపడటానికి కనీసం 20 నిమిషాలు కావాలని చెబుతారు. కాబట్టి కాసేపు మాట్లాడకపోవడం తప్పేం కాదు. మూడు రోజులంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఈసారి నాలుగో మెసేజ్ టైప్ చేస్తున్నప్పుడు ఆపేయండి. ‘రాత్రి తొమ్మిదింటికి మాట్లాడుకుందాం’ అని ఒక్కటే పంపి, ఫోన్ పక్క గదిలో పెట్టేయండి. మొదట్లో ఆయన మౌనం ఇంకా సాగొచ్చు, మీకు అరచేతులు చెమటలు పట్టొచ్చు. అయినా మీరు చేసినదానికే సారీ చెప్పండి. గొడవ డబ్బుల గురించి అనుకోండి, ఇలా: ‘గొంతు పెంచాను, సారీ. డబ్బుల విషయం మాత్రం ఇంకా తేలలేదు.’

మారాల్సింది ఇద్దరూ. మీ చేతిలో ఉన్నది మీ వంతే కదా, అక్కడ మొదలుపెట్టండి. గొడవ లేని రోజు చూసి ఆయన్నీ అడగండి, మాట్లాడకుండా ఉండటం ఎక్కడ అలవాటైందని. నోరు తెరిస్తే గొడవ పెద్దదయ్యే ఇంట్లో పెరిగారేమో.

ఒక్క విషయం. ఆయనంటే మీకు భయమైతే, చెయ్యి చేసుకుంటున్నా, మీ ఫోన్ మీద నిఘా పెడుతున్నా, స్నేహితుల్ని కలవనివ్వకపోయినా, పైన చెప్పినవేవీ ప్రయత్నించకండి. నమ్మకమున్న మనిషికి చెప్పండి. ఇద్దరూ కలిసి వెళ్లడం తర్వాత చూద్దాం, ముందు మీరొక్కరే కౌన్సెలర్‌ని కలవండి.