రెండో భాగం రాయబోతున్న కోడలికి

ఏమే కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ముందు నా మోకాళ్ల నొప్పి గురించి అడిగాడు, తర్వాత వాన గురించి మాట్లాడాడు. ఏదో దాస్తున్నాడని అప్పుడే అర్థమైంది. చివరికి బయటపెట్టాడు. ఆ గేమ్ రెండో భాగానికి కథ బాధ్యత మొత్తం నీకే అప్పగించారట. పదిహేనేళ్లు అదే పని చేసిన అత్తకి ఈ మాట తమ్ముడి నోట వినాల్సొచ్చింది. సరే, ఆ సంగతి నువ్వు వచ్చినప్పుడు తేల్చుకుందాం. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

పట్టకపోవడానికి కారణం నువ్వు రాసుకున్న మూడు పేజీలు. మీ నాన్న గర్వం ఆపుకోలేక నాకు పంపించాడు. బయటివాళ్లకి చూపించనని మీ కంపెనీలో సంతకం పెట్టే ఉంటావు కాబట్టి, నేను చదవలేదనే అనుకో. నేను చదవని ఆ మూడు పేజీల్లో నువ్వు కథని మూడొందల ఏళ్లు ముందుకి జరిపావు, రాజధానిని నీళ్లలో ముంచావు, మొదటి భాగంలో అందరూ మొక్కే దేవుణ్ణి చంపేశావు. వాటితో నాకు పేచీ లేదు. కానీ మూడో పేజీ అడుగున, ఎవరూ చూడరన్నట్టు ఒక వాక్యం పెట్టావు: "మాట తప్పినవాళ్ల గొంతు పోతుందన్న పాత నియమం ఇప్పుడు ఉండదు." నా గుండె జారింది అక్కడే.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. మొదటి భాగాన్ని మళ్లీ మొదటి నుంచి చివరిదాకా ఆడు, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని. లోకం వివరాలన్నీ ఒకే చోట ఉంచు, ఎవరు ఏది మార్చినా తేదీ వెయ్యమను. పాత టీమ్‌లో మిగిలినవాళ్లతో కూర్చుని మాట్లాడు, రాతలో లేనివి వాళ్ల బుర్రల్లో ఉంటాయి. అంతే.

ఇక మార్పు సంగతి. ఎంత మార్చొచ్చు అని అడిగితే, చాలా మార్చొచ్చు అంటాను. 1997లో వచ్చిన మొదటి ఫాలౌట్ ఆటలో షేడీ శాండ్స్ అని ఒక చిన్న పల్లె ఉంటుంది. కథాకాలం 2161. మరుసటి ఏడాదే వచ్చిన రెండో భాగం ఎనభై ఏళ్లు దాటేసి 2241కి వెళ్లింది. అప్పటికి ఆ పల్లె ఒక రిపబ్లిక్‌కి రాజధాని అయిపోయింది. మొదటి ఆటలో దుండగులు ఎత్తుకుపోతే మనం విడిపించుకొచ్చే టాండీ అనే అమ్మాయి, రెండో భాగంలో ఆ రిపబ్లిక్‌ని ఏలుతున్న ముసలి ప్రెసిడెంట్. ఊరు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. అయినా నాకు ఇసుమంత కోపం రాలేదు. ఈవిడని విడిపించింది నేనే కదా అని కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

కాబట్టి నీ రాజధానిని నిక్షేపంగా ముంచు. కాకపోతే మొదటి భాగంలో ప్లేయర్ రాళ్లు మోయించి కట్టించిన గట్టు ఒకటుంది గుర్తుందా? వరదకి అది ఎన్నేళ్లు తట్టుకుందో రెండో భాగంలో ఎవరో ఒకరి నోట అనిపించు. ఏ ముసలమ్మో విసుక్కుంటూ అన్నా చాలు.

చదివి తెలుసుకున్నదానికీ, నడిచి తెలుసుకున్నదానికీ తేడా ఉంటుంది, అది కూడా చూసుకో. ఎల్డర్ స్క్రోల్స్ ఆటల వరసలో 1998 ఆటతో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో సిరోడీల్ అనే ప్రాంతమంటే దట్టమైన, తేమ నిండిన అడవి. 2006లో అదే వరసలో ఆబ్లివియన్ అనే ఆట వచ్చేసరికి అదే సిరోడీల్ పచ్చిక బయళ్లతో, చల్లటి తోపులతో కనిపించింది. దేవుడైన చక్రవర్తి వాతావరణాన్నే మార్చేశాడని సర్దిచెప్పారు. ఇప్పటికీ దాని మీద గొణిగేవాళ్లున్నారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. కానీ గొణుగుడుతోనే ఆగిపోయింది, ఎందుకంటే మాలో చాలామందికి అది కాగితం మీద చదివిన అడవే. అందులో దారితప్పి తిరిగి, ఒక చెట్టుని ఆనవాలు పెట్టుకుని బయటపడ్డ అడవి అయ్యుంటే, ఊరుకునేవాళ్లం కాదు.

నియమాల దగ్గర ఇంకా కష్టం. మాస్ ఎఫెక్ట్ మొదటి భాగంలో, 2007లో, తుపాకులకి గుళ్లు అయిపోవడం ఉండదు. వేడెక్కుతాయి, చల్లారేదాకా ఆగాలి. 2010లో రెండో భాగం వచ్చేసరికి వేడిని పీల్చుకునే క్లిప్పులు వచ్చాయి, అవి అయిపోతే తుపాకి మూగబోతుంది. ఆటగా చూస్తే ఇదే బాగుంది, పోరాటంలో వేగం వచ్చింది. కొత్త పద్ధతి ఈమధ్యే వచ్చిందని కథలో కారణం కూడా చెప్పారు. కానీ పదేళ్ల క్రితం కూలిపోయి, అప్పటినుంచి లోకంతో సంబంధం లేని ఓడ దగ్గర కూడా అవే క్లిప్పులు పడి ఉంటాయి. అది చూసి జనం నవ్వుకున్నారు, నేను నవ్వలేదు. నవ్వే అర్హత నాకు లేదు.

ఎందుకు లేదో నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. అప్పటికి నీకు ఆరేళ్లుంటాయేమో.

మా ఆటలో మంత్రం ఊరికే పలకదు. వేసిన ప్రతిసారీ, వేసినవాళ్ల జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది. ప్లేయర్‌కైతే మ్యాప్‌లో ఒక ముక్క మసకబారేది, వచ్చిన దారే మళ్లీ వెతుక్కోవాలి. ఆ లోకంలో ఉన్న దుఃఖమంతా ఆ ఒక్క నియమం మీదే నిలబడింది. అక్కడొక రేవు, రేవులో పడవ నడిపే ఒక ముసలాయన. ఎప్పుడో వరదొస్తే ఊరిని కాపాడటానికి ఆయన పెద్ద మంత్రం వేశాడు. ఊరు బతికింది, ఆయనకి కన్నకూతురు గుర్తులేకుండా పోయింది. ఆ కూతురు రోజూ పొద్దున్నే వచ్చి, నాణెం ఇచ్చి, ఆయన పడవలో అవతలి ఒడ్డుకి వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. అవతలి ఒడ్డున ఆమెకి ఏ పనీ లేదు. ఈ సంగతి ఎవరూ చెప్పరు, ప్లేయరే కనిపెట్టాలి. కనిపెట్టాక ఆయనతో చెప్పాలా వద్దా అనేది కూడా ప్లేయర్ ఇష్టమే.

మాటలు నావి. ప్రాణం మాత్రం మా ఆర్టిస్టు పోసింది. నాణెం ఇచ్చేటప్పుడు కూతురి వేళ్లు ఆయన అరచేతి మీద ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగుతాయి. అది స్క్రిప్టులో లేదు, నేను అడగలేదు. ఆమెకే తోచింది.

తర్వాత రెండో భాగం మొదలైంది. మ్యాప్ మసకబారడం విసుగ్గా ఉందని టెస్టర్లు అన్నారు, నిజమే. పోరాటాలు చేసేవాళ్లకి మంత్రాలు ఎక్కువ కావాలి, వేగంగా కావాలి, అదీ న్యాయమే. పైనుంచి డెడ్‌లైన్ టెన్షన్. ఒక శుక్రవారం సాయంత్రం, ఆట మొదట్లో వచ్చే పాఠంలో నేనొక వాక్యం కలిపాను: "కొండలో నీలిరాయి బయటపడ్డాక మంత్రానికి మూల్యం చెల్లించే రోజులు పోయాయి." పది నిమిషాల పని. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆర్టిస్టు ఒక్కతే నా బల్ల దగ్గరికి వచ్చి, "మరి రేవులో ఆవిడ?" అంది.

"ఆవిడ ఈ భాగంలో లేదుగా" అన్నాను.

ఆమె ఇంకేమీ అనలేదు. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆట విడుదలైంది, బాగానే పోయింది. మూడో వారంలో ఒక ప్లేయర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తిట్లు ఏమీ లేవు, ఉన్నా బాగుండేది. నీలిరాయి కొండ ఆ రేవుకి నడిచివెళ్లేంత దూరంలోనే ఉందని రాశాడు. రాయి యుగాలుగా అక్కడే ఉందని మీరే చెప్పారు, అంటే ఎవరైనా పలుగు పట్టుకుని వెళ్లుంటే ఆ ముసలాయన కూతుర్ని మర్చిపోయే అవసరమే ఉండేది కాదు కదా అని అడిగాడు. "ఆయన తట్టుకోలేడని నేను ఆయనకి నిజం చెప్పకుండా వచ్చేశాను. అది సరైన పనేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోమంటారు?" అని ముగించాడు.

జవాబు రాయలేదు. రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను.

నేను కలిపిన ఆ వాక్యం రెండో భాగాన్ని ఏమీ చెయ్యలేదే. అది వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, మొదటి భాగంలోని త్యాగాన్ని తెలివితక్కువ పనిగా మార్చింది. ఆ మనిషి ఇంట్లో, పాత సేవ్ ఫైల్‌లో ఉన్నదాన్ని నేను ముట్టుకోలేదనే అనుకున్నాను. ముట్టుకున్నాను.

ఏం చేసుండాల్సిందో నాలుగేళ్ల తర్వాత, బట్టలు ఆరేస్తుంటే తట్టింది. మూల్యం తీసెయ్యకుండా, దాన్ని చెల్లించే మనిషిని మార్చుండాల్సింది. నీలిరాయితో మంత్రం వేస్తే జ్ఞాపకం పోయేది వేసినవాడికి కాదు, ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియనివాడికి. మ్యాప్ మసకబారదు, టెస్టర్లకి విసుగుండదు, పోరాటం ఎంత వేగంగా కావాలంటే అంత వేగంగా సాగుతుంది. రెండో భాగం కథంతా అక్కడే దొరికేది. తడి చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరికి చెప్పను?

అందుకని చెప్తున్నాను, నీ గొంతు నియమాన్ని తీసెయ్యొద్దనడం లేదు. తీసే ముందు ఒక లెక్క రాయి. ఆ నియమానికి భయపడి మొదటి భాగంలో ఎవరెవరు ఏం వదులుకున్నారో పేర్లు రాయి. కోటలో నోరు విప్పకుండా చచ్చిపోయిన కాపలావాడు ఉన్నాడు. అన్నకిచ్చిన మాట కోసం పెళ్లి మానుకున్న ఆ అమ్మాయి ఉంది. నువ్వు రాయబోయే వాక్యం వాళ్లని వెర్రివాళ్లని చేస్తుందా అని ఒక్కొక్క పేరు దగ్గరా అడుగు. దేవుడు చచ్చాడు కాబట్టి నియమం చచ్చింది అంటావా, మంచిదే, అతికినట్టుంది. అయితే మాట తప్పి కూడా గొంతు పోనివాడు మొట్టమొదట ఎవడు? ఆ పొద్దున వాడు నిద్రలేచి, గొంతు సవరించుకుని, ఏం మాట్లాడాడు? అది నాకు చూపించు. పేజీ అడుగున రాసి తప్పించుకోకు.

మొదటి భాగానికి మూడు ముగింపులున్నాయి కదా, దేన్ని నిజమనుకోవాలని నువ్వు పేజీ పక్కన ప్రశ్నార్థకం పెట్టావు. ఇది పెద్దవాళ్లందరినీ ఏడిపించిన చిక్కే. డ్యూస్ ఎక్స్ 2000లో వచ్చింది. 2003లో వచ్చిన దాని రెండో భాగం మూడు ముగింపుల్నీ కలగలిపేసింది. 1996 నాటి డాగర్‌ఫాల్ ముగింపులైతే, కాలమే చీలి అన్నీ ఒకేసారి జరిగాయని తర్వాతి ఆటల్లో తేల్చారు. ఆ తెగింపు నాకిష్టం, కానీ కాలాన్ని ఒకసారే చీల్చగలం. స్టార్ వార్స్ నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ రెండో భాగంలో, 2004లో, చాలా నాజూకైన పని చేశారు. పాత నాయకుడు మగా ఆడా, మంచివైపు వెళ్లాడా చెడువైపు వెళ్లాడా అన్నది మాటల మధ్యలో మనచేతే చెప్పిస్తారు. నువ్వు చేసిందే నిజం అని నెమ్మదిగా ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఖర్చుతో కూడిన పనే, ఒప్పుకుంటాను. మీవాళ్లు డబ్బు లేదంటే ఒక ముగింపు ఎంచుకో, మిగతా రెండింటినీ వెక్కిరించకు.

ఇంకోటి. కొత్తగా ఆడేవాళ్ల కోసం అన్నీ మళ్లీ వివరించమని నీ మీద ఒత్తిడి తెస్తారు. పాత నాయకుడి నోట మాత్రం తెలియని ప్రశ్నలు వేయించకు. అల్టిమా వరసలో ఆ లోకాన్ని ఎన్నోసార్లు కాపాడిన వీరుడు, 1999లో తొమ్మిదో భాగంలో "పాలడిన్ అంటే ఏంటి?" అని అడుగుతాడు. పాలడిన్ అంటే ధర్మయోధుడు, అది ఆ వీరుడికి తెలియకపోవడమేంటి! ఇరవై ఏళ్లు దాటినా ఆ ఒక్క ప్రశ్న గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు. మళ్లీ ఒక్క వాక్యమే, చూశావా.

పాత ఆటనే దిద్దేద్దామన్న ఆలోచన కూడా ఎవరో ఒకరికి వస్తుంది. పోర్టల్ అనే ఆటకి అలాగే చేశారు. 2007లో వచ్చిన ఆట ముగింపుని 2010లో చిన్న ప్యాచ్‌తో మార్చారు. బయటపడి నేల మీద పడి ఉన్న నాయికని ఏదో వెనక్కి ఈడ్చుకుపోతుంది. రెండో భాగానికి అలా దారి వేసుకున్నారు. చాలామంది సంబరపడ్డారు. నాకు మాత్రం, ఆమె బయటపడిందని మూడేళ్లు నమ్మినదాన్ని, కొంచెం దిగులేసింది. మంచిదో చెడ్డదో నేను తేల్చలేను, నువ్వే చూసుకో.

రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. సిగ్గులేదటే? నేను ఆ వాక్యం రాసింది కూడా అలసిపోయినప్పుడే. అలసిపోయిన బుర్రకి ఏ చిక్కుకైనా ఒక్క వాక్యం సరిపోతుందనిపిస్తుంది. పడుకో. చెడిపోయిన కథని పొద్దున్న బాగుచెయ్యొచ్చు, చెడిపోయిన నడుముని నేనింకా బాగుచేసుకుంటూనే ఉన్నాను.

నీ మూడు పేజీలు బాగున్నాయి. మీ నాన్నతో అనలేదు, నీతో అంటున్నాను. రెండో పేజీలో, మునిగిన గుడిలో గంట నీటి అడుగున మోగే చోటు రెండుసార్లు చదివాను.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం పెడుతున్నాను. మా ఆర్టిస్టు పని మానేసి వెళ్లిపోయిన రోజు నా బల్ల మీద వదిలిపోయింది. రెండు చేతులు, మధ్యలో నాణెం, పెన్సిల్‌తో వేసింది. అంచులు పసుపెక్కాయి. గోడకి అంటించకు, వచ్చేపోయేవాళ్లు అడుగుతారు. సొరుగులో పెట్టుకో.

మీ అత్త