తెరకో రంగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము ఖద్దరు చీరలు, పంచెలు ఫొటోలు తీసి, ఇంట్లోని కంప్యూటరులో సరిచేసి, వెబ్‌సైటులో పెట్టి అమ్ముతున్నాము. అద్దకం వేయని చీర మా మానిటరు మీద ఉన్నదున్నట్టే ఉంటుంది గానీ, శ్రీకాకుళంలోని మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో నీలం తిరిగి, కొందరి ఫోన్లలో పసుపు పట్టినట్టు కనిపిస్తోంది. ఎర్ర అంచేమో వెబ్‌సైటులోకి ఎక్కగానే వెలిసిపోతోంది. ఫొటోలో చూసిన రంగు రాలేదని సరుకు తిప్పి పంపుతున్నారు. ఏ తెరను నమ్ముకోవాలి?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇవి రెండు వేర్వేరు సమస్యలు. తెలుపు మారిపోవటానికి కారణం తెరలు; ఎరుపు వెలిసిపోవటానికి కారణం చాలావరకు మీ ఫైలే.

తెర తెలుపుకు ప్రమాణం సుమారు 6500 కెల్విన్లు (వెలుగు ఛాయకు కొలమానం; అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ పసుపు). చాలా ల్యాప్‌టాప్‌లు అంతకంటే నీలంగా ఉంటాయి; ఫోన్లలో కంటికి శ్రమ తగ్గించే రాత్రి అమరిక ఆన్‌లో ఉంటే తెర అంతా పసుపెక్కుతుంది. ముదురు రంగుల్లో ఈ తేడా అంతగా తెలియదు గానీ, అద్దకం లేని గుడ్డలో వెంటనే బయటపడుతుంది. అందువల్ల మీ మానిటరునైనా కొలిచి సరిచేయాలి. తెరకు ఆనించి పెట్టే కలరీమీటరు అనే చిన్న పరికరం, దానితో వచ్చే సాఫ్ట్‌వేరు చూపే రంగులను ఒక్కొక్కటిగా కొలిచి, ఆ తెర రంగులను ఎలా చూపుతుందో కంప్యూటరుకు చెప్పే ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైలును తయారుచేస్తుంది. మానిటరును అరగంట ముందే ఆన్ చేసి, తెల్లదనం 6500, గామా (నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయల వెలుగు తీరు) 2.2, వెలుగు చదరపు మీటరుకు 100–120 క్యాండెలాలుగా పెట్టుకోండి. ఈ పరికరం రోజూ అవసరపడేది కాదు కనుక, మీ ఊళ్లో నలుగురు వ్యాపారులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

ఇక ఎరుపు సంగతి. మీ కెమెరాలో గానీ, ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేరులో గానీ రంగుల పరిధి (ఫైలులోని అంకెలు ఏయే రంగులను సూచిస్తాయో చెప్పే ప్రమాణం) అడోబ్ ఆర్‌జీబీగా ఉందేమో చూడండి. వెబ్‌సైటులోకి ఎక్కించేటప్పుడు ఆ పరిధి ఏదో చెప్పే ప్రొఫైల్ ఫైలు నుంచి ఊడిపోతే, బ్రౌజరు ఆ అంకెలను 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించిన ఎస్‌ఆర్‌జీబీ అనే ఇంకా చిన్న పరిధి అంకెలుగా చదువుతుంది. అప్పుడు తెలుపు చెక్కుచెదరకపోయినా ముదురు రంగులు పాలిపోతాయి. కాబట్టి చివరి ప్రతిని ఎస్‌ఆర్‌జీబీలోకి 'కన్వర్ట్' చేసి, ప్రొఫైల్‌ను ఫైలులోనే ఉంచి భద్రపరచండి. పక్కనే ఉండే 'అసైన్' జోలికి పోవద్దు. అది అంకెలను అలాగే ఉంచి వాటి అర్థాన్ని మార్చేస్తుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో తెలుపును సరిచేయటం) కోసం, ఏ ఛాయా లేని చోటును సాఫ్ట్‌వేరుకు చూపే డ్రాపరును ఖద్దరు మీదే నొక్కే అలవాటుంటే మానుకోండి. ఖద్దరు నేసే కొండపత్తికి సహజంగా ఉన్న ఛాయను సాఫ్ట్‌వేరు దోషంగా భావించి తుడిచేస్తుంది, చీర మిల్లు గుడ్డలా తెల్లబడుతుంది; పార్శిల్ విప్పినవారు తగాదాకు రాక ఏం చేస్తారు? చీర పక్కన గ్రే కార్డు (ఏ ఛాయా లేని బూడిదరంగు అట్ట) పెట్టి ఒక ఫొటో తీసి, డ్రాపరును దాని మీద నొక్కండి. ట్యూబులైటు వెలుగు, కిటికీ వెలుగు కలిసి పడకుండా చూసుకోండి.

కొనేవారి ఫోన్లు మన చేతిలో లేవు. ఒకరి ఫోనులో పసుపుగా ఉందని ఫైలులో నీలం పెంచితే మిగతా అందరి దగ్గరా చెడుతుంది. చీర ఛాయను ఫొటో కింద మాటల్లో రాయండి. ఎక్కువ సరుకు తీసుకునేవారికి గుడ్డముక్క పంపటమే మేలు.

ప్రశ్న: మా స్టూడియో పెళ్లి ఆల్బమ్‌లు తెర మీద బాగుండి, ల్యాబ్ నుంచి నల్లగా వస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మానిటరు వెలుగు మరీ ఎక్కువగా ఉన్నట్టుంది. పైన చెప్పిన స్థాయికి తగ్గించండి. ల్యాబ్‌వారి కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి తెచ్చుకుని, పంపే ముందు సాఫ్ట్ ప్రూఫ్‌లో, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే అమరికలో చూసుకోండి. వారు ఇవ్వకపోతే, ముదురు పట్టుచీర, ముఖాలు ఉన్న ఒక్క ఫొటోను ముందుగా ప్రింటు వేయించి, మంచి వెలుతురులో తెరతో పోల్చి చూసిన తరువాతే ఆల్బమ్ మొత్తం పంపండి.