చెరువు లెక్క రాసేముందు

ఒరే గుంటడా,

మీ ఊరి జీవవైవిధ్య రిజిస్టర్, అదే ఊళ్లో ఉన్న జీవాలన్నీ రాసిపెట్టే పుస్తకం, ఆ పని నీ మెడకు చుట్టుకుందని అమ్మ చెప్పింది. టెన్షన్ పడకు గానీ, మా చెరువులో ఇన్ని రకాల పిట్టలున్నాయని ఒక్క అంకె రాసి చేతులు దులుపుకోకు.

ఎందుకంటావా? రెండు చెరువులనుకో. రెండింట్లోనూ వంద పిట్టలు, పది రకాలు. ఒకదాంట్లో రకానికి పదేసి, రెండోదాంట్లో 91 తెల్లకొంగలే, మిగతా తొమ్మిది రకాలూ ఒక్కొక్కటే. అంకె చూస్తే రెండూ సమానం, గట్టెక్కి చూస్తే ఎక్కడి పోలిక! అందుకే షానన్ సూచిక కూడా కట్టు, ఎన్ని రకాలున్నాయన్నదే కాదు, అవి ఎంత సమంగా ఉన్నాయో కూడా కలిపి చెప్పే అంకె అది, ఎక్కువుంటే వైవిధ్యం ఎక్కువని. ఒక్కో రకం వాటాను ఆ వాటా సహజ లాగరిథంతో గుణించి, అన్నీ కూడి, మైనస్ గుర్తు తీసెయ్యడమే, ఎక్సెల్‌లో రెండు నిమిషాల పని. మొదటిదానికి 2.30, రెండోదానికి 0.50 వస్తాయి.

ఇంకోటి, ఇది నేను చేసిన వెధవ పనే. ఒక చెరువును జనవరి పొద్దున్నే మూడు గంటలు చూసి, పక్కదాన్ని మే నెల మిట్టమధ్యాహ్నం అరగంట చూసి, ఇందులో ఏమీ లేదని రాసేశాను. నువ్వు అన్నిచోట్లా అదే వేళ, అంతే సేపు చూడు, కాలం మారినప్పుడు మళ్లీ వెళ్లు. మన శ్రీకాకుళం జిల్లాలో పిట్టలు ఏటా విడిది చేసే తేలినీలాపురంలో చింతచెట్ల కింద జూన్‌లో నిలబడితే ఏం కనిపిస్తాయి? ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు వచ్చేది సెప్టెంబరు నాటికి గదా. (సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు, నువ్వు మాత్రం రాయకు, ఆ రెండూ మన దేశం, చుట్టుపక్కల దేశాల పిట్టలే.) గూళ్లు ఊరి చెట్ల మీదే అయినా మేతకు నౌపడ చిత్తడి నేలలకు పోతాయి, అందుకని గూడున్న చోటుతో పాటు మేత చోటునూ మ్యాపులో గియ్యి.

ఇక కాపాడ్డానికి డబ్బు రెండు చోట్లకే ఉందనుకో. ఒక చెరువులో 40 రకాలు, రెండోదాంట్లో 38, కానీ అవన్నీ మొదటిదాంట్లో ఉన్నవే. ఉప్పు మళ్ల పక్క మడుగులో 22 మాత్రమే, అయితే ఒక్కటీ మిగతాచోట్ల లేదు. నేనైతే 38ని వదిలి ఆ మడుగుకే ఓటేస్తాను, మొత్తం 62 రకాలు దక్కుతాయి. ప్రెసిడెంటుగారు ఒప్పుకోరు, ఈ కూడిక ఆయన ముందే వేసి చూపించు.

చేపల దగ్గర మట్టగిడసనూ కొర్రమీనునూ ఒకే గడిలో రాసేవు జాగ్రత్త, రెండూ వేరు, వల వేసేవాళ్లను అడుగు.

ఆదివారం వచ్చి బైనాక్యులర్ పట్టుకెళ్లు. కుడి అద్దం వదులైంది, రబ్బరు బ్యాండు చుట్టి ఉంచాను, తియ్యకు.

మావయ్య