మెట్లు ఎక్కుతుంది, దిగమంటే మొరాయిస్తోంది

సందేహం: మా కుక్కకు ఏడాదిన్నర వయసు. పాతిక కిలోల దాకా తూగుతుంది. మొన్నమొన్నటి వరకు పొలం దగ్గర షెడ్డులోనే పెరిగింది, మెట్లంటే ఏమిటో తెలియదు. ఈమధ్య మేడ ఉన్న ఇంటికి మారాం. మా వెనకాలే గబగబా పైకి ఎక్కేస్తుంది గానీ, దిగమంటే పై మెట్టు దగ్గరే నిలబడి మూలుగుతుంది. గొలుసు పట్టి లాగితే నాలుగు కాళ్లూ బిగబట్టి కూర్చుంటుంది. రోజూ ఎత్తుకుని దించలేక నడుం పట్టేస్తోంది. దిగడం నేర్పేదెలా? – ఒక రైతు

సలహా: ముందు ఆ గొలుసు లాగడం మానేయండి. కొత్త కల్వర్టు ముందు ఆగిపోయిన ఎద్దును ముకుతాడు పట్టి లాగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇదీ అంతే. మీ కుక్కది మొండితనం కాదు, భయం. ఆ భయానికి కారణమూ ఉంది. కుక్క మామూలుగా నిలబడినప్పుడే దాని బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు తల కిందికి, నడుము పైకి అయ్యేసరికి ఆ భారం ఇంకా ముందుకు తోసుకొస్తుంది. పల్టీ కొడతానేమోనని దానికి అనిపిస్తుంది. ఎక్కేటప్పుడు ఆ బాధ లేదు. వెనుకకాళ్లతో తన్నుకుంటూ పోతుంది, తర్వాతి మెట్టు ముఖానికి దగ్గరగానే కనిపిస్తుంది. అందుకే చాలా కుక్కలు ఎక్కడం వాటంతటవే నేర్చుకుని, దిగడం దగ్గర చిక్కుకుపోతాయి.

మెట్లు ఎరగని కుక్క భయపడటం వేరు, నిన్నటిదాకా చక్కగా దిగిన కుక్క ఉన్నట్టుండి మానేయడం వేరు. రెండోది నొప్పికో, చూపు తగ్గడానికో గుర్తు. మీది మొదటి రకమే అనిపిస్తోంది. అయినా ఒకసారి పరీక్షగా చూడండి. పైకి ఎక్కేటప్పుడు వెనుకకాళ్లు రెండూ ఒకేసారి ఎత్తి కుందేలులా గెంతుతోందా? పడుకుని లేచాక కాసేపు బిగుసుకున్నట్టు నడుస్తోందా? అలాగైతే తుంటి కీళ్లు చూపించాలి. పొలంలో తిరిగిన కుక్క కదా, వేళ్ల సందుల్లో ముల్లు విరిగి ఉందేమో, గోమార్లు పట్టాయేమో కూడా వెతకండి. గోమార్ల వల్ల వచ్చే జ్వరాల్లో కీళ్లు నొప్పులు పెడతాయి. నొప్పి ఉందనుకుని మనం వాడే మాత్రలు మాత్రం వేయకండి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కలకు విషమవుతాయి.

మెట్ల సంగతీ చూడాలి. నున్నటి రాయి మీద కుక్క పాదానికి పట్టు దొరకదు. గోళ్లు పెరిగి ఉంటే మరీ జారుతుంది. గోళ్లు కత్తిరించి, ప్రతి మెట్టు మీదా రబ్బరు పట్టా అంటించండి. ఊరికే పరిచిన గోనెపట్టా వద్దు, అది కాలి కింద ఒక్కసారి కదిలిందంటే మళ్లీ మొదటికొస్తుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ ఉండి కింద నేల కనిపిస్తుంటే, ఆ సందులు అట్టతోనో గుడ్డతోనో మూసేయండి.

ఇక నేర్పడం. పై నుంచి కాదు, అట్టడుగు మెట్టు నుంచి మొదలుపెట్టాలి. కుక్కను మొదటి మెట్టు మీదే నిలబెట్టండి. అక్కడి నుంచి నేల ఒక్క అడుగే. ఉడికించిన గుడ్డు ముక్కో, మాంసం ముక్కో ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా నేల దాకా దించండి. మెట్టుకు ఆనుకునే దించాలి. దూరంగా పెడితే దూకేస్తుంది, దూకడం అలవాటైతే పై మెట్ల మీద ప్రమాదం. అప్పుడు దాన్ని గమనించండి: ఒక ముందుకాలు చాపి నేలను తడుముతుంది, వెనక్కి లాక్కుంటుంది, మళ్లీ చాపుతుంది. ఆ క్షణంలో తోయకండి, అదిలించకండి, అసలు మాట్లాడకండి. ముందుకాళ్లు నేలకు ఆని, వెనుకకాళ్లు మెట్టు మీదే ఉండిపోయినప్పుడు చాలా కుక్కలు అలాగే వంగి నిలబడిపోతాయి. ముక్క ఇవ్వాల్సింది అక్కడే, కొంచెం కొంచెంగా, వెనుకకాళ్లు కూడా దిగేదాకా. దిగాక మెచ్చుకోండి.

ఒక మెట్టు తడుముకోకుండా దిగుతున్నాకే రెండో మెట్టు, తర్వాత మూడోది. ఎక్కడం వచ్చు కాబట్టి కింది నుంచి ఎక్కించి, కావలసిన మెట్టు దగ్గర ఆపి వెనక్కి తిప్పితే చాలు. ఐదో మెట్టు దగ్గర జంకితే బతిమాలుతూ కూర్చోకండి, మూడుకి వచ్చేయండి. మెడ పట్టీ తీసి ఛాతీ పట్టీ వేయండి. మీరు ఒక మెట్టు కింద, పక్కగా నిలబడితే జారినా పట్టుకోవచ్చు. పూటకు ఐదు నిమిషాలు మించొద్దు, తిండి పెట్టకముందు చేయిస్తే ముక్క మీద ఆశ ఉంటుంది. చాక్లెట్, ఎండుద్రాక్ష, ఉల్లి తగిలిన మాంసం పెట్టకండి.

నేర్చుకునేదాకా మెట్ల మొదట్లో అడ్డుగా ఒక తడిక కట్టండి. లేదంటే మీరు చూడనప్పుడు ఎక్కేసి, పైన ఇరుక్కుని, పోయిన భయం మళ్లీ తెచ్చుకుంటుంది. తప్పక ఎత్తాల్సి వస్తే ఒక చేయి ఛాతీ చుట్టూ, ఇంకోటి తొడల వెనక వేసి, మోకాళ్లు వంచి లేవండి. మీ నడుమూ ముఖ్యమే.

ఇదే ఇంట్లో చిన్న కుక్కపిల్ల కూడా ఉంటే ఈ పాఠం దానికి ఇప్పుడే వద్దు. పెద్ద జాతి పిల్లలు మూడు నెలల్లోపు రోజూ మెట్లు ఎక్కిదిగితే తుంటి కీలు చెడే అవకాశం పెరుగుతుంది. వాటిని ఎత్తుకునే తీసుకెళ్లాలి. పొట్టి కాళ్లు, పొడవైన వెన్ను ఉన్న డాక్స్‌హండ్ లాంటివి ఏ వయసులోనైనా మెట్లకు దూరంగా ఉంటేనే మంచిది, వాటికి వెన్నుపూసల మధ్య డిస్కు జారే జబ్బు ఎక్కువ.

రెండు మూడు వారాలు ఓపిగ్గా నేర్పినా మొదటి మెట్టే దాటకపోయినా, దిగేటప్పుడు కుయ్యిమన్నా ఇంక నేర్పడం ఆపి పశువైద్యుడికి చూపించండి. తుంటికి, వెన్నుకు ఎక్స్‌రే తీయించమని అడగండి.