ఆవాకును పచ్చిగా నూరితే గ్లూకోసినోలేట్లు ఎందుకు కనబడవు?

అనంతపురం ఎండలో కోసి తెచ్చిన ఆవాకును పచ్చిగా నూరి కొలిస్తే గ్లూకోసినోలేట్లు (ఆవజాతి మొక్కల్లో ఉండే గంధకపు సమ్మేళనాలు) దాదాపు రాలేదని అడిగారు. లోపం మెషీన్‌ది కాదు, నూరడంలోనే ఉంది. పొడి ఆవపిండి నీళ్లు తగలగానే ముక్కుకు ఘాటెక్కుతుంది కదా, ఇదీ అంతే. కణాలు చితికితే మైరోసినేజ్ అనే ఎంజైమ్ గ్లూకోసినోలేట్లను నిమిషాల్లో విరగ్గొడుతుంది, ఘాటైన ఐసోథయోసయనేట్లు పుడతాయి. పురుగుల మీద మొక్క ఆయుధం అదే.

అందుకే చేను దగ్గరే ఆకును ద్రవ నైట్రోజన్‌లో వేయండి. సంచిలో వాడిపోనివ్వకండి. ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి తేమ తీసేసిన) పొడిని వేడి 70 శాతం మిథనాల్‌లో వేస్తే ఎంజైమ్ పనిచేయదు. తర్వాత సల్ఫటేజ్ అనే ఎంజైమ్‌తో గ్లూకోసినోలేట్ల నుంచి సల్ఫేట్ తొలగించి, హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే మెషీన్) 229 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దగ్గర కొలవాలి. ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (కొలతను సరిచూసుకోవడానికి తెలిసిన మోతాదులో కలిపే పదార్థం) మాత్రం సినిగ్రిన్ అనే గ్లూకోసినోలేట్ వద్దు, అది ఆవాకులో సహజంగానే ఉంటుంది. గ్లూకోట్రోపియోలిన్ అనే మరో గ్లూకోసినోలేట్ వాడండి.