ట్యూబ్ ఒక్కటే చూస్తే సరిపోదు, నోరు కూడా చూడండి

ఫీడింగ్ ట్యూబ్ ఉన్న పేషెంట్లకి హాస్పిటల్లో నర్సింగ్ ఎలా మెరుగుపడాలని అడిగారు. నేను నర్సుని కాదు. పక్షవాతం వచ్చి నాన్న మింగలేకపోతే ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేశారు, 22 రోజులు ఆ మంచం పక్కనే ఉన్నాను. ఎంత ఫీడ్ ఇవ్వాలి, ఏ పౌడర్ వాడాలి అనేవి డైటీషియన్ చూసుకుంటారు, అక్కడ నాకు పెద్దగా తప్పులు కనిపించలేదు. నేను తప్పులు చూసింది మంచం దగ్గర.

తొమ్మిదో రోజు రాత్రి పక్క తడిసిందని దుప్పటి మార్చడానికి ఇద్దరు వచ్చారు. మంచం తలవైపు పూర్తిగా దించేసి నాన్నని పక్కకి తిప్పారు, ఫీడ్ మాత్రం ఆపలేదు, బ్యాగ్‌లోంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి. కాసేపటికే దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, గొంతులో నీళ్లు గరగరలాడుతున్నట్టు. నేను గట్టిగా అరిచాను. సీనియర్ సిస్టర్ ఒకావిడ పరుగున వచ్చి ముందు ఫీడ్ ఆపి, తల పైకి లేపి, గొంతులో చేరినదాన్ని మిషన్‌తో లాగేసే సక్షన్ పెట్టారు. నాన్న ఊపిరి కాస్త కుదుటపడ్డాక టార్చి వేసి ముక్కు దగ్గర ట్యూబ్ మీది అంకె చూశారు. వేసిన రోజు 58 దగ్గర ప్లాస్టర్ అంటించారు. ఇప్పుడు 51 ఉంది! ట్యూబ్ ఏడు సెంటీమీటర్లు బయటికి ఎప్పుడు జారిందో ఎవరికీ తెలీదు. ట్యూబ్ పొట్టలోనే ఉందో లేదో తెలియడానికి సిరంజితో గాలి కొట్టి స్టెతస్కోప్‌తో వింటానని చిన్న సిస్టర్ అంటే, ఆవిడ "ఆ శబ్దాన్ని నమ్మకమ్మా, ట్యూబ్ కొస ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాగే వినిపిస్తుంది" అని, ఎక్స్‌రే చూసేదాకా చుక్క కూడా వెయ్యనివ్వలేదు.

అందుకే నేను అడిగేవి చిన్న పనులే. ఫీడ్ నడిచేటప్పుడు, అయ్యాక అరగంట నుంచి గంట దాకా తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి, మంచం దించాల్సి వస్తే ముందు ఫీడ్ ఆపాలి. ముక్కు దగ్గరి అంకె మంచం పక్కన బోర్డు మీద పెద్దగా రాసి, ప్రతి ఫీడ్‌కి ముందు దాంతో సరిచూడాలి. షిఫ్ట్ మారేటప్పుడు ఇద్దరు సిస్టర్లూ కలిసి చూస్తే ఇంకా మంచిది.

మందుల దగ్గర కూడా నాకు కోపం వచ్చేది. అన్ని మాత్రలూ ఒకేసారి నూరి, కలిపి, తోసేస్తారు, ట్యూబ్ మూసుకుపోతే మళ్లీ పేషెంటుకే నరకం. ఒక్కో మందూ విడిగా ఇచ్చి మధ్యలో నీళ్లు పంపడానికి ఎంతసేపు పడుతుంది? పైగా రోజంతా నెమ్మదిగా కరగాల్సిన మాత్రని నూరితే డోసంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. సిరప్ రూపంలో దొరుకుతుందా అని ఫార్మసిస్టుని అడగాలి కదా.

కానీ నా అసలు బాధ నోటి గురించి. నోటితో ఏమీ తినడం లేదు కాబట్టి శుభ్రం చెయ్యక్కర్లేదనుకుంటారు. నిజానికి అప్పుడే ఎక్కువ చెయ్యాలి, నోరు ఎండిపోయి క్రిములు పెరుగుతాయి, మింగలేని మనిషికి ఆ లాలాజలమే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. చాలామందికి వచ్చే నిమోనియాకి ఫీడ్ కంటే ఈ నోరే ఎక్కువ కారణమని నా గట్టి నమ్మకం.

పన్నెండో రోజు ఆ సీనియర్ సిస్టరే నాకు నేర్పించారు. తల ఎత్తి, మొహం ఒక పక్కకి తిప్పి, మెత్తటి బ్రష్‌తో పళ్లు, తడిపి బాగా పిండిన గాజుగుడ్డతో నాలుక. నాలుక మీద తెల్లటి పొర మందంగా పేరుకుపోయి ఉంది. పెదాలు తుడుస్తుంటే నాన్న కళ్లు మూసుకునే నాలుక చాపి ఆ తడి కోసం వెతుక్కున్నారు. అన్ని రోజులూ ఆయన నోరు తడిపినవాళ్లు లేరు, నాతో సహా. ఛార్టులో ఫీడుకి, యూరిన్‌కి, బీపీకి గడులున్నాయి, నోటికి లేదు. ముందు ఆ గడి పెట్టించండి.